కుచ్చు కింద ఊక

గెడ్డవలసలో వైద్యం చేసే కూర్మనాథంగారికి ఒక అలవాటు ఉండేది. పుష్యమాసం వచ్చి కొండల మీంచి చలిగాలి దిగేసరికి, కొత్త వరి కంకులూ, నాలుగు జొన్న కంకులూ, గుప్పెడు సామ వెన్నులూ కలిపి జడలాగా అల్లించి, వైద్యశాల వసారా దూలానికి వేలాడదీయించేవారు. పిట్టలు వచ్చి తినిపోతుండేవి. ఆ రోజుల్లో చాలా ఇళ్ళ చూరుకి అలాంటి కుచ్చులుండేవి కనుక అందులో వింతేమీ లేదు. వింతల్లా ఏమిటంటే, ఆయన రోజూ పొద్దున్నే శిష్యుణ్ణి పిలిచి "ఇవాళ ఎవరొచ్చారు?" అని అడిగేవారు. కొత్తగా చేరిన శిష్యులు జ్వరం మనిషి ఒకడొచ్చాడనీ, కాలు బెణికిన ముసలమ్మ వచ్చిందనీ చెప్పేవారు. ఆయన అంతా శ్రద్ధగా విని, "వాళ్ళ సంగతి సరే, కుచ్చు మీదికి ఎవరొచ్చారు?" అనేవారు.

చూపున్నన్నాళ్ళూ ఆయనే చూసుకునేవారు. డెబ్భై దాటాక రెండు కళ్ళకీ పొరలు కమ్మి, వెలుగూ నీడా తప్ప మరేమీ ఆనకుండా పోయింది. అప్పట్నించీ శిష్యుడి కళ్ళే ఆయనకు కళ్ళు. నాలుక మీద పూత ఉందో లేదో, పుండు ఎర్రగా ఉందో నల్లబడిందో శిష్యుడు చూసి చెప్పాలి, ఆయన మందు చెప్పాలి. నాడి మాత్రం ఆయనే పట్టుకునేవారు. దానికి కళ్ళతో పనిలేదు.

ఆ శిష్యుడి పేరు పైడిరాజు. వచ్చి మూడో ఏడు నడుస్తోంది. బుర్ర మహా చురుకు. మనిషి గుమ్మం దగ్గర చెప్పులు విడిచే తీరు చూసి ఇతనిది నడుము నొప్పి, ఆమెది కడుపులో మంట అని చెప్పేసేవాడు. పదింట తొమ్మిది నిజమయ్యేవి కూడా. జనం నోరు వెళ్ళబెట్టి చూసేవారు, అదీ అతనికి బాగానే ఉండేది. "తెలీదు" అన్న మాట పైడిరాజు నోట విన్నవాళ్ళు ఆ చుట్టుపక్కల ఎవరూ లేరు. అతనికున్న కొరత ఒక్కటే, గురువుగారు నాడి చూడటం నేర్పడం లేదు. అడిగినప్పుడల్లా "చూద్దాంలే" అని దాటవేసేవారు. ఇన్ని రోగాలు కనిపెట్టేవాణ్ణి పట్టుకుని ఈ పిట్టల గోలేమిటని అతనికి లోపల్లోపల ఉడుకుగా ఉండేది. పొద్దున్నే కుచ్చు వైపు ఓ చూపు విసిరి, "పిచ్చుకలండీ" అనేసి మందులు నూరుకోవడానికి వెళ్ళిపోయేవాడు.

"అన్నీనా?" అనేవారు గురువుగారు.

"అన్నీనండీ."

ఇలా జరుగుతుండగా ఒక గురువారం నాడు పక్క ఊరి నుంచి సింహాద్రి అనే మనిషి భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె పేరు అచ్చియ్యమ్మ. నలభై ఏళ్ళుంటాయి. అటుకులు చేసి అమ్ముతుంది. వడ్లు నానేసి, మంగలంలో, అంటే ఆ వేపుడు కుండలో, వేడి ఇసుకతో వేయించి, రోట్లో వేసి దంచితే అటుకులవుతాయని అందరికీ తెలుసు. కానీ విరగకుండా, ఊక తగలకుండా, కాగితమంత పలచగా దంచడం అందరి చేతా కాదు. అచ్చియ్యమ్మ అటుకులంటే సోమవారం సంతలో పెద్ద పేరు. అలాంటిది, కిందటి సోమవారం కొలిచి పోస్తుండగా ఎవరో ఆమె చేతి మీద మచ్చ చూశారు. చూసినవాళ్ళు నోరు కట్టుకుని ఊరుకోలేదు. మధ్యాహ్నానికల్లా సంతంతా పాకింది, ఆవిడకి పెద్దరోగమట అని.

ఆ రోగాన్ని కుష్టు అని పేరు పెట్టి పిలవడానికి కూడా జంకి అలా అనేవారు. ఇప్పుడు మాత్రలున్నాయి, నయమైపోతోంది, మనిషి ఇంట్లోనే ఉండొచ్చు. ఆ రోజుల్లో మాత్రం రోగం ఒంట్లో పెరగక ముందే మనిషిని ఊరు వదిలించేవారు. వాళ్ళ ఊరిపెద్ద తవిటినాయుడు చెడ్డవాడేం కాదు, కానీ పదిమంది మాట తీసెయ్యగలవాడూ కాదు. అతను ఒక్క మాట చెప్పి పంపాడు. వైద్యశాలలో ఔనంటే మంగలం పగలగొట్టి, గెడ్డ వాగుకి అవతల వేసిన పాకలో ఆమె ఒక్కతే ఉండాలి. కాదంటే సోమవారం సంతలో మొదటి మానెడు అటుకులు తనే కొంటాడు. కూర్మనాథంగారి మాట ఆ ప్రాంతంలో ఎవరూ కాదనరు.

పైడిరాజు ఆమెను వసారాలో కూర్చోబెట్టి ఎడమ చెయ్యి చూశాడు. మోచేతికి దిగువన, రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్దగా, రంగు తేలిపోయిన మచ్చ ఉంది. దాని పక్కనే రెండు కాలిన గుర్తులు, ఒకటి మానుతోంది, ఒకటి ఇంకా పచ్చిగా ఉంది.

"ఇది ఎప్పుడు కాలింది?" అని అడిగాడు.

"ఏమో బాబూ. తెలీనేదు."

"కాలినప్పుడు తెలియనే లేదా?"

"నేదు బాబూ," అందామె తల వంచుకుని.

ఇక పైడిరాజుకి మరో ప్రశ్న అక్కర్లేకపోయింది. కాలినా తెలియలేదంటే అక్కడ స్పర్శ చచ్చిపోయిందన్న మాట. రంగు తేలిన మచ్చ, స్పర్శ లేని చెయ్యి. ఇంకేం కావాలి? అతనికి ఆమెను చూస్తే జాలేసింది, కానీ ఆ జాలి వెనకాల ఇంత త్వరగా పట్టుకున్నానన్న సంబరం కూడా ఉంది. లోపలికి వెళ్ళి, గురువుగారి చెవి దగ్గర నోరు పెట్టి, రోగం పేరూ దాని ఆనవాళ్ళూ గడగడా అప్పజెప్పాడు.

గురువుగారు కోడి ఈకతో చెవి తిప్పుకుంటున్నవారు ఆపి, "నాయుడికి జవాబు కావలసింది సోమవారం పొద్దున్న కదా," అన్నారు.

"ఔనండీ."

"సోమవారమే చెబుదాం. ఆ మచ్చ నాకు కనబడదు. నువ్వేం చెబితే నేనదే చెబుతాను. నా నోట్లోంచి వచ్చినా అది నీ మాటే. అందాకా ఆమెను ఇక్కడే ఉండమను. వసారాలో కుచ్చు కింద చాప వెయ్యి, అక్కడ ఎండ బాగా తగులుతుంది."

పైడిరాజు చాప వేసి వచ్చాడు. కానీ మాట లోపల ఆగలేదు. "గురువుగారూ," అన్నాడు, "చూడగానే తెలిసిపోయినదాన్ని మళ్ళీ చూడటం ఎందుకండీ?"

గురువుగారు, "ఇవాళ ఎవరొచ్చారు?" అన్నారు.

"పిచ్చుకలండీ. పద్నాలుగు."

"అన్నీనా?"

"అన్నీనండీ."

"అయితే ఇందాకట్నించీ 'తువీ?' అంటూ ఎవరో మనల్ని ఏదో అడుగుతున్నట్టు కూస్తోందే, అదీ పిచ్చుకేనా?"

పైడిరాజుకి ఏ కూతా వినబడలేదు. వినే ప్రయత్నం చేస్తేగా.

"ఈ నాలుగు రోజులూ మందులు నేను నూరుకుంటాను," అన్నారు గురువుగారు. "నువ్వు కుచ్చు ఎదురుగా కూర్చో. నాయుడికి జవాబు చెప్పే రోజునే, ఆ పద్నాలుగు ఎవరెవరో నాకు చెప్పు."

అతనికి ఒళ్ళు మండిపోయింది. ఒక మనిషి బతుకు తేలాల్సిన రోజుల్లో పిట్టలేమిటి! కానీ గురువుగారి మాటకు ఎదురు చెప్పే అలవాటు ఆ ఇంట్లో లేదు. పీట తెచ్చుకుని కుచ్చు ఎదురుగా కూర్చున్నాడు. కుచ్చు కింద చాప మీద అచ్చియ్యమ్మ కూర్చుంది. వడ్లు ఎండలో ఉన్నాయని సింహాద్రి ఊరికి వెళ్ళిపోయాడు, సోమవారం వస్తానన్నాడు. ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. దాహమేస్తే దోసిలి పట్టేది, పైడిరాజు చెంబు ఎత్తిపట్టి, తగలకుండా నీళ్ళు పోసేవాడు. అన్నం ఆకు దూరంగా పెట్టి జరిగేవాడు. ఆ జరగడం ఆమె చూసి, చూడనట్టు తల తిప్పుకునేది.

శుక్రవారం పొద్దున్న కుచ్చు మీదికి తలా గొంతూ కుంకుమ రంగులో ఉన్న పిట్ట ఒకటి వచ్చి వాలింది. పైడిరాజు హుషారుగా లోపలికి వెళ్ళాడు. "తువీ అంటున్నది దొరికిందండీ. వెదురు పిచ్చుక. చలికాలం ఉత్తరాది నుంచి వచ్చి, కొండ మీద వెదురు గింజలు తినే పిట్ట. ఎర్రతల చూడగానే పోల్చాను."

"ఒక్కటేనా?"

"ఒక్కటేనండీ. మిగతా పదమూడూ పిచ్చుకలు."

"అంత దూరం నుంచి ఒంటరిగా వచ్చిందా పాపం," అన్నారు గురువుగారు.

ఆ మాట పైడిరాజుకి రోజంతా గుచ్చుకుంటూనే ఉంది. శనివారం కూడా కూర్చున్నాడు. ఎంత చూసినా మట్టి రంగు పిట్టలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఎగిరేవి, వాలేవి, కీచులాడుకునేవి. లెక్క మొదలుపెట్టేలోపు చోటు మారేవి. ఎండలోకి చూసీ చూసీ కళ్ళల్లో నీళ్ళు కారాయి.

మధ్యాహ్నం వేళ అచ్చియ్యమ్మ, కుచ్చు నుంచి రాలిన గింజల్ని ఒక్కొక్కటే ఏరి ఒళ్ళో వేసుకోవడం మొదలెట్టింది. వడ్లతో బతికిన మనిషికి నేల మీద గింజ కనబడితే చెయ్యి ఊరుకోదు. గుప్పెడు పోగయ్యాక ఉన్నట్టుండి ఏదో గుర్తొచ్చినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది. ఒళ్ళోని గింజల్ని చూసుకుని, పైడిరాజు వైపు తిరిగి, "ముట్టీసుకున్నాను బాబూ. పిట్టలు తింటే వాటికేటీ కాదు గదా?" అంది.

మూడేళ్ళలో పైడిరాజు ఎందరికో రోగాల పేర్లు చెప్పాడు. ఆ పేరు మోసుకుని వాళ్ళు ఇంటికి ఎలా వెళతారన్నది ఎప్పుడూ ఆలోచించలేదు. "ఏం కాదు," అన్నాడు. "కానియ్, ఏరుకో."

కాస్సేపటికి ఆమే అడిగింది. "రెండ్రోజుల్నించి ఏటి బాబూ లెక్కెడతన్నావు?"

"పిచ్చుకల్ని."

"ఇయ్యన్నీ పిచికలు కావు గదా!" అందామె, ఇంత చదువుకున్నవాడికి ఇదేం ఖర్మ అన్నట్టు.

"ఎర్రతలది కాదు. నాకు తెలుసు."

"ఎర్రతలదాని మాట కాదు బాబూ. దాని ఆడోళ్ళు ఏరీ? మా కన్నోరిల్లు కొండ కింద. ఎదురు పూసిన ఏడు ఇవి మందలు మందలుగా దిగుతాయి. మగదానికే ఆ ఎరుపు. ఆడయ్యి, పిల్లలు, అన్నీ మట్టి రంగే. అదిగో, ఆ జొన్న కంకి మీద దాన్ని సూడు. రొమ్ము నిండా గీతలు. పిచిక రొమ్ముకి గీతలుండవు. కంటి ఎనకాల పిచిక్కి తెల్లటి గీరుంటాది, దీనికి నేదు. ముక్కు సూడు, ఎంత మందమో."

పైడిరాజు చూశాడు. గీతలున్నాయి. గురువారం నుంచీ ఉన్నాయి, ఎక్కడికీ పోలేదు.

"అలా గెంతుతుంటే గీతలు ఎలా పోల్చుకోవడం?" అన్నాడు.

"గీతలెందుకు బాబూ, తిండి సూడు. పిచిక నిలకడగా తినదు. ఓ గింజ లాగి కిందకి దూకుతాది, మళ్ళీ పైకి. ఇది అలా కాదు. ఒక్కకాడే కూకుని, గింజని ముక్కులో తిప్పి తిప్పి ఒలుస్తాది. బియ్యం లోపలికి, ఊక కిందకి. మా పనిలాగే. ఊక ఎక్కడ అదే పనిగా రాల్తందో, దానికి నేరుగా పైన ఇదుంటాది. పిట్టని సూడకు. ఊకని సూసి పైకెళ్ళు."

ఆమె చెప్పినట్టే పైడిరాజు ఊకను చూడసాగాడు. నిజమే, నాలుగైదు చోట్ల సన్నటి ధారలా రాలుతోంది. పైకి చూస్తే ఒక్కోచోట ఒక్కో గీతల రొమ్ము. రెండు, మూడు, అయిదు. జొన్న కంకి మీద ఉన్నది ఆరోది. దాని ముక్కు కదలడం చూశాడు, ఊక విడివడటం చూశాడు, ఆ ఊక గాలికి ఊగుతూ కిందికి వస్తుంటే దాని వెంటే చూపు దించాడు. అది వచ్చి అచ్చియ్యమ్మ ఎడమ చేతి మీద, సరిగ్గా తెల్లమచ్చ మీద వాలింది.

ఆమె మొహమెత్తి పిట్టనే చూస్తూ, "అల్లదిగో, ఇంకోటి ఒచ్చింది," అంటూనే కుడి చేత్తో ఆ ఊకను తోసేసింది. చెయ్యి వైపు కన్నెత్తి చూడలేదు. ఈగను తోలినట్టు తోలేసింది.

పైడిరాజు పిట్టల్ని వదిలేసి ఆ చేతినే చూడసాగాడు. ఇంకాసేపటికి మరో ఊక, మచ్చ అంచున. తోసేసింది. ఇంకోటి, కాలిన గుర్తు పక్కన. తోసేసింది. మూడు రోజులుగా ఆమె ఆ కుచ్చు కిందే కూర్చుంది. మూడు రోజులుగా ఊక ఆ చేతి మీద రాలుతూనే ఉంది, ఆమె దులుపుకుంటూనే ఉంది. ఎదురుగా పీట వేసుకుని కళ్ళల్లో నీళ్ళు కారేలా చూసింది తనే.

మొదటి ఏడాదే గురువుగారు నేర్పారు. రంగు తేలిన మచ్చ కనబడితే రోగిని కళ్ళు మూసుకోమని, గడ్డిపోచతో మచ్చ మీదా పక్కనా తాకుతూ, తెలుస్తోందా లేదా అని అడగాలి. అంతకంటే తేలిక పాఠం వైద్యంలో లేదు. జవాబు ముందే చేతికొచ్చిందన్న ధీమాలో గడ్డిపోచ దాకా పోనేలేదు. అతనికి చెవులు ఎర్రబడ్డాయి, సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"అప్పా," అన్నాడు. అంతవరకూ ఏమ్మా అనడమే తప్ప ఆమెను అక్క వరసతో పిలవలేదు. "కాలింది తెలీలేదని ఎందుకన్నావు?"

"ఏటి సెప్పను బాబూ? మంగలం కాడ కూకున్నదానికి రోజుకి పదిసార్లు కాల్తాది. సురుక్కుమంటాది, ఇంత ఉమ్ము రాసీసి మళ్ళీ పన్లో పడతాను. ఇది ఎప్పుడు కాలిందంటే ఏ పొద్దని సెప్పేది? నువ్వడిగింది ఆ పొద్దు గురించే అనుకుని నేదనేసినాను."

పైడిరాజు లేచి వెళ్ళి గడ్డిపోచ తెచ్చాడు. పీట దగ్గరగా జరుపుకుని ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. కళ్ళు మూసుకోమన్నాడు. మచ్చ మీద, మచ్చ పక్కన, మళ్ళీ మచ్చ మీద, కాలిన చోటుకి ఇవతల, ఒక్కోసారి తాకకుండానే ఆగి, పాతికసార్లు చూశాడు. తాకిన ప్రతిసారీ ఆమె ఊఁ అంది. తాకనప్పుడు ఊరుకుంది. చివరికి, "సీమ పాకినట్టుంది బాబూ, ఇంక సాల్లే," అని చెయ్యి లాక్కుని గోక్కుంది.

అంతటితో ఆగలేదతను. ఆ సాయంత్రం ఒకసారి, ఆదివారం పొద్దున్న ఎండ రాకముందు ఒకసారి, మళ్ళీ మళ్ళీ చూశాడు. మోచేతి దగ్గర నరం తడిమి చూశాడు. రెండో చెయ్యీ, వీపూ, చెవి తమ్మెలూ చూశాడు. ఆ తరవాత గురువుగారి ముందుకు వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"గురువుగారూ, నేను చెప్పింది తప్పండీ."

"ఏది? మచ్చ సంగతా, పిట్టల సంగతా?"

"రెండూనండీ."

గురువుగారు తల ఊపారు. "అయితే రేపు సంత కదా. వడ్లు నానెయ్యమను," అన్నారు.

ఈ కథ చెప్పుకునేవాళ్ళు ఇక్కడ రెండు పాయలవుతారు. ఆయనకు మొదటి రోజే తెలుసుననీ, అందుకే ఆమెను కుచ్చు కింద కూర్చోబెట్టారనీ కొందరంటారు. తెలిసీ ఒక మనిషిని అన్నాళ్ళు బెంగతో కూర్చోబెట్టడం ఏం న్యాయమని ఇంకొందరు కోప్పడతారు. కోప్పడేవాళ్ళ మాటలోనూ న్యాయముంది. ఎండ తగులుతుందనే కూర్చోబెట్టానని ఆయనన్నారు, అంతకుమించి ఎవరడిగినా చెప్పలేదు.

పెద్దరోగం కాదని పైడిరాజు చెప్పినప్పుడు అచ్చియ్యమ్మ ఏడవలేదు. కాసేపు తన చేతినే చూసుకుంది. తరవాత, "మరి రేపు సంతకి నా కాడ పిడికెడు అటుకుల్నేవు," అని కంగారుపడింది. ఆదివారం పొద్దున్నే సింహాద్రికి కబురెళ్ళింది. అతను మంగలాన్ని గడ్డిలో చుట్టి, పసిపిల్లను ఎత్తుకొచ్చినట్టు రెండు చేతులా పట్టుకుని తెచ్చాడు. వైద్యశాల పెరట్లోనే వడ్లు నానాయి. సోమవారం తెల్లవారేసరికి పొయ్యి రాజుకుంది. ఆమె వేయిస్తుంటే సింహాద్రీ, పైడిరాజూ చెరో రోకలీ పట్టి దంచారు. పైడిరాజు దంచినవి సగం నుజ్జయ్యాయి. "బాబుకి మందులు నూరే సెయ్యి, అటుకుల సెయ్యి కాదు," అని నవ్విందామె. వచ్చినప్పట్నించీ ఆమె నవ్వడం అదే మొదలు.

ఎండెక్కుతుండగా తవిటినాయుడు నలుగురితో వచ్చాడు. గురువుగారు వసారాలో కూర్చుని, "మా పైడిరాజు చెబుతాడు," అన్నారు. పైడిరాజు ఏమీ చెప్పకుండా ఒక గడ్డిపోచ తీసి నాయుడి చేతిలో పెట్టాడు. "ఆమె కళ్ళు మూసుకుంటుంది. మీకు తోచిన చోట తాకి చూడండి," అన్నాడు.

నాయుడు వెనకా ముందాడాడు. తనతో వచ్చినవాళ్ళ మొహాలు చూశాడు. చివరికి దూరంగా నిలబడే చెయ్యి చాపి పోచతో మచ్చను తాకాడు. "అదిగో, తాకినారు," అందామె. మళ్ళీ తాకాడు. మళ్ళీ అంది. మూడోసారి తాకకుండా ఊరుకుంటే ఆమె కూడా ఊరుకుంది. నాలుగోసారికి నాయుడు తనకు తెలియకుండానే దగ్గరికి వచ్చి గొంతుకూర్చున్నాడు. అయిదోసారి పోచ కాస్త తిప్పేసరికి ఆమె, "అయ్యబాబోయ్, సక్కిలిగిలి!" అని చెయ్యి లాగేసుకుంది. పక్కనున్నవాళ్ళు నవ్వేశారు, నాయుడూ నవ్వాడు.

"పెద్దరోగం కాదు గావాల. మరి ఇదేటి?" అన్నాడతను.

"మంగలం సెగకి రంగు తేలినట్టుందండీ. నూనె ఇచ్చాను, రాసుకోమన్నాను. పున్నమికి మళ్ళీ చూస్తాను."

"ఇప్పుడు సూసీసినావు గదా?"

"మళ్ళీ చూస్తానండీ," అన్నాడు పైడిరాజు.

నాయుడు కండువా కొంగు పట్టాడు. అచ్చియ్యమ్మ మొదటి మానెడు నిండుగా కొలిచి, పైన ఇంకో గుప్పెడు వేసింది. అతను అక్కడే ఇన్ని నోట్లో వేసుకుని నములుతూ సంత దారి పట్టాడు. వెనకే సింహాద్రి గంప నెత్తిన పెట్టుకున్నాడు, అచ్చియ్యమ్మ మంగలం చంకన పెట్టుకుంది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, కుచ్చు కింద ఏరిన గింజలు గూట్లో పెట్టాననీ, పిట్టలకి వెయ్యమనీ పైడిరాజుకి చెప్పి వెళ్ళింది.

సాయంత్రానికి వైద్యశాల ఖాళీ అయింది. గురువుగారు వసారాలో పడక్కుర్చీలో కూర్చున్నారు. కుచ్చు సగానికి సగం ఒలిచేసి ఉంది. పైడిరాజు గూట్లోని గింజలు తెచ్చి నేల మీద జల్లి, పక్కన నిలబడ్డాడు.

"నాయుడికి జవాబైంది. నా జవాబేదీ?" అన్నారు గురువుగారు. "ఎవరెవరొచ్చారు?"

"వెదురు పిచ్చుకలు తొమ్మిదండీ. ఎర్రతలది ఒకటి, గీతల రొమ్మువి ఎనిమిది. పిచ్చుకలు నాలుగు."

"పదమూడయ్యాయి."

పైడిరాజు కుచ్చు వైపు చూశాడు. పద్నాలుగోది అందరికీ ఎడంగా, కంకి మీంచి కంకికి గెంతి, సామ వెన్ను మీద వాలింది. "ఇంకొకటుందండీ," అన్నాడు. "రొమ్ము మీద గీతల్లేవు. గొంతు కింద పసుపు మరక ఉంది. పిచ్చుకలతోనే వచ్చింది కానీ వాటిలా కిందికి దిగదు. వెదురు పిచ్చుకలా ఒక్కచోటే కూర్చోదు. రెండు రోజులు చూశాను. అదేమిటో నాకు తెలీదండీ."

గురువుగారు కుర్చీలో ముందుకు వంగారు. ఇన్నేళ్ళలో శిష్యులెవరికీ ఇవ్వనిది, తన కుడి చెయ్యి, మణికట్టు పైకి తిప్పి, నాడి అందేలా పైడిరాజు ముందుకు చాచారు.

"పట్టుకో," అన్నారు. "ఆ పిట్ట కోసమే నాయనా, మూడేళ్ళుగా నీకు కుచ్చు కడుతున్నది."